మందు చవకైంది, కొనే డబ్బేదీ?

సంపాదకులకు,

ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరాటానికి దాతల దగ్గర సేకరించి పేద దేశాలకు డబ్బిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ 1,800 కోట్ల డాలర్లు అడిగితే, 2025 నవంబరులో జొహానెస్‌బర్గ్‌ సభలో వచ్చిన హామీలు 1,134 కోట్లు. 2022లో 600 కోట్లు ఇస్తామన్న అమెరికా ఈసారి 460 కోట్లకు దిగింది. ఇవీ హామీలే, చేతికందిన సొమ్ము కాదు.

మనకెందుకులే అనుకోవడానికి లేదు. హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్‌కు అమెరికాలో ఏడాదికి 28 వేల డాలర్ల పైనే అవుతుంది. దాని జనరిక్‌ను పేద దేశాలకు 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చినవి మన హైదరాబాద్ కంపెనీలు హెటెరో, డాక్టర్ రెడ్డీస్. సంతోషమే. కానీ ఆ మందు కొనేదెవరు? ఊళ్లలో రక్తపరీక్ష చేసే మనిషికి జీతం ఎవరిస్తారు? మందు ధర గురించి రాసినంతగా ఈ జీతాల గురించి పత్రికలు రాయవు (మీతో సహా, ఏమీ అనుకోకండి). 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఒక్కసారిగా ఆపేస్తే చాలా దేశాల్లో ఇలాంటి సిబ్బందే రోడ్డున పడ్డారు.

పేద దేశాలు సొంత బడ్జెట్ పెంచుకోవాలన్నది న్యాయమైన మాటే. అయితే 2020లో అప్పు కిస్తీ కట్టలేక చేతులెత్తేసిన జాంబియా లాంటి దేశాన్ని రాత్రికి రాత్రి మోయమంటే ఎలా? సాయం తగ్గించదలిస్తే కొన్నేళ్ల ముందే చెప్పి, మెల్లగా తగ్గించాలి. క్షయ మందులు మధ్యలో ఆగితే అది మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉంది. దాని వైద్యానికి అయ్యే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు, హైదరాబాద్