53 ఆటలు గెలిచి 460 రూపాయలు పోగొట్టుకోవడం ఎలా

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ పందేల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు జిల్లా పేజీల్లో తరచుగా చదువుతున్నాం. వాటిలో ఎక్కువ భాగం రమ్మీ, క్రికెట్ బెట్టింగుల గురించే. నగదు బహుమతుల బ్యాక్‌గామన్ మాట మాత్రం ఎక్కడా కనిపించదు. టెలిగ్రాంలో, ఇన్‌స్టాలో తిరిగే లింకుల్లో అదీ ఉంది. 'ఇది అదృష్టం మీద ఆధారపడే ఆట కాదు, బుర్ర పెట్టి నేర్చుకుంటే నెలకింత సంపాదించుకోవచ్చు' అని అది పిలుస్తుంది. బుర్ర కావాలన్న మాట నిజమే. సంపాదన మాట ఎందుకు అబద్ధమో లెక్కతో సహా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. ఈ ఆటంటే మాకు ప్రాణం. దాన్ని ఎర కింద వాడుతుంటే ఊరుకోలేకపోతున్నాం.

పచ్చీసు ఆడినవాళ్లకు బ్యాక్‌గామన్ పరాయిగా అనిపించదు. 24 ఇళ్లు, ఒక్కొక్కరికి 15 కాయలు, రెండు పాచికలు. కాయలన్నిటినీ తన వైపు చివరి ఆరు ఇళ్లలోకి తెచ్చుకుని, అక్కడి నుంచి పండించుకోవాలి. ఎవరు ముందు పండించుకుంటే వాళ్లు గెలిచినట్టు. ఒంటికాయ మీద అవతలివాళ్ల కాయ పడితే అది చచ్చి మధ్యగట్టు ఎక్కుతుంది, మళ్లీ మొదటి నుంచీ నడవాలి. జోడు కట్టిన ఇంట్లోకి అవతలివాళ్లు రాలేరు. మొదలుపెట్టినప్పుడు ఒక్కొక్కరు మొత్తం 167 గడులు నడవాల్సి ఉంటుంది. ఒక ఎత్తుకు సగటున నడిచేది ఎనిమిది గడుల పైచిలుకు.

తెలివి ఎక్కడుందంటే, ఒంటికాయను ఎక్కడ వదలాలో తెలియడంలో ఉంది. రెండు పాచికలకు 36 రకాల పడిక ఉంటుంది. శత్రువు కాయకు సరిగ్గా ఆరు గడుల దూరంలో మన ఒంటికాయ ఉంటే, దారిలో అడ్డం లేకపోతే, 36లో 17 పడికలు దాన్ని చంపుతాయి. ఒక్క గడి జరిపి ఏడు గడుల దూరంలో పెడితే ఆ 17 కాస్తా 6 అవుతుంది. ఒక్క గడి తేడాకు ప్రమాదం మూడోవంతుకు దిగింది! ఇలాంటి చిన్నచిన్న నిర్ణయాలు ఒక్కో ఆటలో పాతిక ముప్ఫై వస్తాయి.

పచ్చీసులో లేని వస్తువు ఇందులో ఒకటుంది, డబ్లింగ్ క్యూబ్. 1920ల్లో న్యూయార్క్‌లో ఆటలోకి వచ్చింది. దాని ఆరు ముఖాల మీద 2, 4, 8, 16, 32, 64 అంకెలుంటాయి. ఆట మనవైపు మొగ్గినప్పుడు 'రెట్టింపు' అంటాం. అవతలివాళ్లు అప్పటి విలువ ఇచ్చేసి ఆట వదలాలి, లేదా రెట్టింపుకు ఒప్పుకుని ఆడాలి. ఒప్పుకోవడానికి నాలుగింట ఒక గెలుపు అవకాశం చాలు. అలాంటి స్థితి నాలుగుసార్లు వచ్చిందనుకోండి. నాలుగూ వదిలేస్తే నాలుగు పాయింట్లు పోతాయి. నాలుగూ ఒప్పుకుని ఒకటి గెలిస్తే రెండు వస్తాయి, మూడు ఓడితే ఆరు పోతాయి. నికరంగా పోయేది అప్పుడూ నాలుగే. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ లెక్క తెలియకే. భయపడి వదలాల్సినదానికంటే ముందే వదిలేస్తారు, లేదా పంతానికి పోయి పదింట ఒక్క అవకాశం ఉన్నప్పుడు కూడా ఒప్పుకుంటారు.

డబ్బు పెట్టినప్పుడు ఈ క్యూబ్ ఏం చేస్తుందో చూడండి. పాయింటుకు 100 రూపాయలన్న టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు ఆటకు పోయేది వందే అనుకుంటారు. వాళ్లు రెట్టించారు, మీరు ఒప్పుకున్నారు: రెండు. ఆట తిరిగింది, మీరు తిరిగి రెట్టించారు, వాళ్లు ఒప్పుకున్నారు: నాలుగు. మళ్లీ తిరగబడి, మీరు ఒక్క కాయ కూడా పండించుకోకముందే వాళ్లవన్నీ పండిపోయాయి. దాన్ని గామన్ అంటారు, దానికి రెండింతలు. ఒక్క ఆటలో 800 రూపాయలు పోయాయి. నియమాల్లో తప్పేమీ జరగలేదు, ఎవరూ మోసం చేయలేదు. వంద రూపాయల ఆటలో ఎనిమిది వందలు పోవచ్చని టేబుల్ దగ్గర కూర్చునేముందు చెప్పినవాళ్లు మాత్రం లేరు.

అసలు లెక్క యాప్ తీసుకునే కమీషన్‌లో ఉంది. ఇద్దరు చెరి వంద పెడితే గెలిచినవాళ్లకు 180 ఇచ్చి 20 మినహాయించుకునే టేబుల్ తీసుకుందాం. గెలిస్తే మీకు మిగిలేది 80, ఓడితే పోయేది 100. అసలు నష్టపోకుండా ఉండాలంటేనే వందలో దాదాపు 56 ఆటలు గెలవాలి. అది సాధ్యమా? 1992 నుంచి ఉన్న ఫిబ్స్ అనే ఉచిత సర్వర్ వాడే రేటింగ్ సూత్రం చెప్పేదేమిటంటే, ఎదుటివాళ్ల కంటే రేటింగ్ (ఆటగాడి బలాన్ని కొలిచే అంకె) 100 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడు ఒక పాయింటు ఆటలో గెలిచే అవకాశం 53 శాతమే. తొమ్మిది పాయింట్ల మ్యాచ్‌లో, అంటే ముందు తొమ్మిది పాయింట్లు చేసినవాళ్లు గెలిచే పోటీలో, అది 58, 59 శాతానికి, 25 పాయింట్ల మ్యాచ్‌లో 64 శాతానికి చేరుతుంది. ఆట ఎంత పొడవైతే తెలివికి అంత విలువ. మ్యాచ్ చిన్నదైన కొద్దీ రాజ్యం పాచికలదే. రెండు నిమిషాల్లో ముగిసే ఒక పాయింటు టేబుళ్లే యాప్‌కు లాభసాటి, ఎందుకంటే కమీషన్ ఆటకొకసారి వస్తుంది.

ఇప్పుడు ఆ 53 శాతం ఆటగాడినే వంద ఆటలు ఆడించండి. 53 గెలుపులకు 80 చొప్పున 4,240 వస్తుంది. 47 ఓటములకు 4,700 పోతుంది. బాగా ఆడినవాడికి 460 రూపాయల నష్టం. ఎదుటివాడికి 47 గెలుపులకు 3,760 వచ్చి, 53 ఓటములకు 5,300 పోయి, 1,540 నష్టం. రెండూ కలిపితే సరిగ్గా 2,000. ఆ రెండు వేలూ యాప్ దగ్గరున్నాయి, అదీ ఒక్క పాచిక కూడా కదపకుండా! కమీషన్‌ను మించి సంపాదించాలంటే ఒక పాయింటు ఆటల్లో ఎదుటివాళ్ల కంటే సుమారు 194 రేటింగ్ పాయింట్లు పైన ఉండాలి, అదీ ప్రతి ప్రత్యర్థి మీదా. అంత తేడాతో ఓడేవాళ్లు నాలుగు రోజుల్లో డబ్బయిపోయి వెళ్లిపోతారు, టేబుల్ దగ్గర గట్టివాళ్లే మిగులుతారు.

కమీషనే లేదనుకున్నా, 53 శాతం ఆటగాడికి వంద ఆటల తర్వాత గెలుపుల కంటే ఓటములే ఎక్కువగా ఉండే అవకాశం దాదాపు నాలుగోవంతు ఉంది. అందుకే నెలరోజులు గెలిచినవాళ్లు తమ ఆట బాగుందనుకోవడానికి గానీ, నెలరోజులు ఓడినవాళ్లు పాచికల్లో మోసముందని తేల్చడానికి గానీ వీల్లేదు. అనుమానం ఉంటే పరీక్షించే దారి ఉంది. వరసగా 600 పడికలు కాగితం మీద రాసుకోండి, గెలిచినవీ ఓడినవీ ఏరకుండా. జంట అంకెలు సగటున 100 రావాలి. 82 నుంచి 118 దాకా వస్తే మామూలే. అంతకు దూరంగా వస్తే మరో 600 రాసి చూడాలి. 'కీలకమైన చోట వాడికే పడుతున్నాయి' అన్న బాధకు మాత్రం వేరే కారణం ఉంది. బాగా ఆడేవాళ్లు ఏ అంకె పడినా పనికొచ్చేలా కాయలు పరుచుకుంటారు. చూసేవాళ్లకది అదృష్టంలా కనిపిస్తుంది.

నిజమైన మోసం వేరేచోట ఉంది. ఎదుటివాళ్లు మనిషో కాదో తెలియదు. 1979లోనే మోంటేకార్లోలో ఒక కంప్యూటర్ ప్రోగ్రాం అప్పటి ప్రపంచ చాంపియన్ లుయిజి విల్లాను 7-1తో ఓడించింది. ఆ రోజు దానికి పాచికలు కలిసొచ్చాయని దాన్ని తయారు చేసినాయనే ఒప్పుకున్నాడు. 1992లో ఐబీఎం పరిశోధకుడు తయారు చేసిన టీడీ-గామన్ తనతో తానే ఆడుకుని నేర్చుకున్నాక ఆ సందేహమూ పోయింది. నేడు గ్నూ బ్యాక్‌గామన్ అనే ప్రోగ్రాం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పక్కన దాన్ని తెరిచి, పడిన అంకెలు కొట్టి, అది చెప్పిన ఎత్తు వేస్తే చాలు. పొడవైన మ్యాచుల్లో ఇలాంటివాళ్లను తప్పుల సగటు చూసి పట్టుకోవచ్చు, ఒక పాయింటు ఆటల్లో పట్టుకోవడానికి సరిపడా ఎత్తులే ఉండవు.

ఇక చట్టం. 'నైపుణ్యం ఉన్న ఆట జూదం కాదని సుప్రీంకోర్టు చెప్పింది' అని యాప్‌లు ఊదరగొడతాయి. 1968లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన రమ్మీ కేసులో ఆ మాట వచ్చిన సంగతి నిజమే. అయితే 2020లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. ఆ చట్టం ఆడేవాళ్లనూ వదలదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే తీసేసింది. డబ్బు కట్టి, డబ్బు ఆశించి ఆడితే అది నిషిద్ధం. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. ప్రవేశ రుసుం తీసుకుని బహుమతి ఇచ్చే వెసులుబాటు గుర్తింపు పొంది నమోదైన ఈ-స్పోర్ట్స్‌కే. 'జీఎస్టీ కడుతున్నాం కాబట్టి చట్టబద్ధం' అన్న మాటకు కూడా విలువ లేదు. పన్ను వేసినంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదు.

కాబట్టి ఇప్పుడు వస్తున్న లింకులు ఎక్కువగా విదేశీ సైట్లవి. వాటికి ఇక్కడ ఖాతా ఉండదు, డబ్బు ఎవరో ఒకరి వ్యక్తిగత యూపీఐకి పంపమంటారు, ఆ పేరు ప్రతిసారీ మారుతుంది. అవి అద్దె ఖాతాలు. ఆ గొలుసులో ఎక్కడ కేసు పడినా డబ్బు పంపినవాళ్ల ఖాతా, తీసుకున్నవాళ్ల ఖాతా రెండూ బ్యాంకు ఆపేయవచ్చు. నెలకింత కమీషన్ ఇస్తామంటే ఖాతా, సిమ్ అప్పగించే కాలేజీ పిల్లలకు వాళ్ల పేరున కేసు నమోదవుతుందని గట్టిగా చెప్పాలి.

గెలిచిన డబ్బు తీసుకోబోతే 'ప్రాసెసింగ్ ఫీజు' కట్టమని అడిగారంటే ఆ డబ్బు రాదు. ఇంకొక్క రూపాయి కూడా పంపకండి. పంపిన ప్రతి లావాదేవీకీ యూపీఐ యాప్‌లో 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, అది రాసుకోండి. చాట్, ఖాతా పేరు, తెరమీది బ్యాలెన్సు స్క్రీన్‌షాట్లు తీయండి, అవతలివాళ్లు చాట్ చెరిపేయకముందే. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు తర్వాతి ఖాతాకు దాటకముందు చెబితేనే ఆపగలుగుతారు, తెల్లారేదాకా ఆగితే నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ఇంట్లో తెలుస్తుందని పిల్లలు ఆలస్యం చేస్తారు. తల్లిదండ్రులు ముందు ఫోన్ చేయించి, తిట్టేది ఉంటే తర్వాత తిట్టండి.

పిల్లలకు ఆట మీద మక్కువ కలిగితే డబ్బు లేకుండా ఆడుకునే దారి చాలా తేలిక. క్యారమ్స్ బిళ్లల సెట్లు రెండు కొంటే తెల్లవి 18, నల్లవి 18 వస్తాయి, చెరి 15 చాలు. ప్లైవుడ్ మీద గానీ దళసరి అట్ట మీద గానీ 46 సెంటీమీటర్ల వెడల్పు, 44 ఎత్తు గీసుకోండి. మధ్యలో నాలుగు సెంటీమీటర్ల గట్టు వదలండి. దానికి అటూ ఇటూ, పైనా కిందా ఆరేసి త్రికోణాలు, ఒక్కొక్కటి మూడున్నర సెంటీమీటర్ల అడుగు, 17 సెంటీమీటర్ల పొడవు. ఐదు బిళ్లలు వరసగా పట్టాలంటే ఆ పొడవు తప్పదు. చాలామంది పొట్టిగా గీసి, బిళ్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి, లెక్క తప్పుతారు. ఎవరి వైపు నుంచి వాళ్లు లెక్కపెట్టుకుని 24వ ఇంట్లో 2, పదమూడులో 5, ఎనిమిదిలో 3, ఆరులో 5 కాయలు పేర్చాలి. పాచికలు చేత్తో కాకుండా చిన్న గ్లాసులో వేసి ఊపి విసరాలి. రెండూ తన కుడివైపు పలకలో పడాలి. ఒకటి కాయ మీద ఒరిగినా రెండూ తీసి మళ్లీ వేయాలి. పోటీల్లో గొడవలు సగం ఇక్కడే పుడతాయి, ముందే చెప్పుకుంటే మంచిది.

ఏడు పాయింట్ల మ్యాచ్ పెట్టుకోండి. గడియారం ఉంటే పాయింటుకు 2 నిమిషాల చొప్పున చెరి 14 నిమిషాలు, దానిపైన ప్రతి ఎత్తుకూ 12 సెకన్లు ఉచితం. ఒకరు గెలుపుకు ఒక్క పాయింటు దూరానికి వచ్చాక మొదటి ఆటలో ఎవరూ రెట్టింపు అనకూడదు, దీన్ని క్రాఫర్డ్ నియమం అంటారు. ఆ తర్వాతి ఆట నుంచి వెనకబడినవాళ్లు వెంటనే రెట్టించడం మంచిది, వాళ్లకు పోయేదేమీ లేదు. ఇంట్లో ఒంటరిగా నేర్చుకునేవాళ్లు గ్నూ ప్రోగ్రాంలో పాచికలను చేత్తో వేసి అంకెలు తామే ఇవ్వవచ్చు. యంత్రం పాచికలు మార్చేస్తోందన్న అనుమానం అక్కడితో తీరుతుంది. ఆట అయ్యాక అది ఎత్తెత్తుకూ ఎంత పొరపాటు చేశామో అంకెల్లో చూపిస్తుంది. పెద్ద తప్పులు మూడు ఏరి, ఎందుకు తప్పో రాసుకుంటే చాలు.

మీ పత్రికకు మా విన్నపాలు రెండు. పందేల్లో డబ్బు పోయిందన్న ప్రతి వార్త కిందా 1930 నంబరు పెద్ద అక్షరాల్లో వేయండి, యాప్ ఆటకెంత కమీషన్ మినహాయించుకుందో విలేకరులు అడిగి రాయండి. రెండోది, ఆదివారం పిల్లల పేజీలో చదరంగం సమస్య పక్కన చిన్న చోటిస్తే వారానికొక బ్యాక్‌గామన్ స్థితి, పడిన పాచికలు, సరైన ఎత్తు, దానికి గ్నూ ఇచ్చిన లెక్క జతచేసి మేం ఉచితంగా పంపుతాం. మొదటిది సిద్ధంగా ఉంది: ఆట మొదటి ఎత్తుకు మూడు, ఒకటి పడ్డాయి, ఎనిమిదో ఇంటి నుంచి ఒక కాయ, ఆరో ఇంటి నుంచి ఒక కాయ ఎక్కడికి చేర్చి జోడు కట్టాలి?

ఇట్లు,
బోర్డు ఆటల మిత్రులు,
కావలి, నెల్లూరు జిల్లా.