కొత్తపల్లి అన్నయ్యకి, వదినకి ఉప్పాడ నుంచి కృతజ్ఞతలు

ఈ నాలుగు ముక్కలు ఎప్పుడో రాయాల్సింది. సరుకంతా అమ్ముడయ్యాక రాద్దామని ఆగాను. నిన్న చివరి బస్తా కూడా వెళ్ళిపోయింది.

మాది ఉప్పాడ. మా అత్తగారి కాలం నుంచి ఎండుచేపల వ్యాపారం. ఆవిడ చేపలు ఎండబెట్టిన జాగా ఇప్పుడు సముద్రంలో ఉంది. ఒడ్డు కోసుకుపోయినప్పుడల్లా వెనక్కి జరుగుతూ వచ్చాం. ఇప్పుడున్న రేకుల షెడ్డు మూడోది.

కార్తీకమాసంలో చాలా ఇళ్ళల్లో నీచు ముట్టరు, మాకు బేరాలు ఉండవు. అందుకని సరుకు నిల్వ చేసి, మాసం వెళ్ళాక అమ్ముకుంటాం. 2025 అక్టోబరులో కూడా నెత్తళ్ళు, కానాగంతలు, ఎండురొయ్యలు కలిపి 38 బస్తాలు షెడ్డులో ఉన్నాయి. డ్వాక్రా లోను డబ్బంతా వాటిలోనే ఉంది. ఎండుచేప తడవక్కర్లేదు, నాలుగు రోజులు చెమ్మగాలి తగిలితే చాలు, బూజు పట్టేస్తుంది. ఇక కోళ్ళ దాణాకి అయినకాడికి ఇచ్చుకోవడమే.

అక్టోబరు 27, సోమవారం. మొంథా తుఫాను మనవైపే వస్తోందన్నారు. కెరటాలు అప్పటికే బీచ్ రోడ్డు ఎక్కుతున్నాయి. మమ్మల్ని స్కూలుకి వెళ్ళిపొమ్మన్నారు. మనుషులం వెళ్తాం, బస్తాలు ఎక్కడ పెట్టాలి? తెలిసినవాళ్ళకి ఫోన్లు చేశాను. ఎండుచేపలు అనగానే అందరూ ఇబ్బంది పడ్డారు. వాళ్ళని తప్పు పట్టను, ఆ వాసన మాకు అన్నం, మిగతావాళ్ళకి వాసనే.

కొత్తపల్లిలో జాందానీ నేసే అన్నయ్య మాత్రం "మగ్గం గదిలో పెట్టుకోమ్మా" అన్నారు.

వెళ్ళి చూస్తే మగ్గం మీద చీర సగంలో ఉంది. రెండు నెలల పని. "పట్టుకి వాసన పట్టేస్తుంది అన్నయ్యా" అన్నాను. "వాన వచ్చేస్తోంది, ముందు దింపించు" అంటూ పడుగు మీద టార్పాలిన్ కప్పేశారు. వదినది ఆ రోజు కార్తీక సోమవారం ఉపవాసం. తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చి, కొంగు బిగించి బస్తా అంచు పట్టుకుంది. నాకు ప్రాణం ఒప్పలేదు. వద్దు వదినా అంటే, "ఈ మబ్బులో ఇవాళ నక్షత్రం ఎలాగూ కనిపించదు. ఇవి సర్దేసి తలస్నానం చేస్తాలే" అంది. ఆవిడ గాజులకి చేప పొలుసులు అంటుకుని మెరవడం ఇప్పటికీ నా కళ్ళలోనే ఉంది.

మర్నాడు రాత్రి నరసాపురం దగ్గర తుఫాను తీరం దాటింది. మేం స్కూల్లో పిల్లల్ని దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. తెల్లారి వచ్చి చూస్తే షెడ్డు రేకులు సగం లేవు. లోపల మోకాలి లోతు ఇసుకా నీళ్ళూ. కొత్తపల్లిలో బస్తాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అక్కడితో అయిపోలేదు. ఎండ వచ్చాక వాళ్ళ డాబా మీదే మూడు రోజులు సరుకు ఆరబోసుకోనిచ్చారు. కాకులు వాలకుండా వాళ్ళమ్మాయి పుస్తకం పట్టుకుని కాపలా కూర్చుంది. పక్కింటివాళ్ళు కూడా పల్లెత్తు మాట అనలేదు. వాళ్ళందరికీ నా నమస్కారాలు.

బస్తాలు తోలిన ట్రక్ ఆటో తమ్ముడికి కూడా చాలా థాంక్స్. ఆ రోజు ఇంకో బండాయన నాలుగింతలు అడిగాడు. ఈ తమ్ముడు రోజూ తీసుకునే కిరాయే తీసుకుని, రెండు ట్రిప్పులు వేసి, బస్తాలు కూడా మోశాడు.

35 బస్తాలకి మంచి ధర వచ్చింది. మూడింటికే చెమ్మ తగిలింది, అవి దాణాకి పోయాయి. లోను వాయిదా కట్టేశాను.

అన్నయ్యా, మీ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయలేదు. చీర పూర్తయిందని, వాసన ఏమీ లేదని మీరు ఫోన్ చేసి చెప్పేదాకా నాకు మనసు మనసులో లేదు. అద్దె ఇవ్వబోతే వదిన కోప్పడింది. కార్తీకం వెళ్ళిపోయింది కదా వదినా, ఆదివారం పొయ్యి వెలిగించకు. ఎండురొయ్యలు, వంకాయలు నేనే తెచ్చి మీ ఇంట్లోనే వండుతాను.