‘రోమన్ హాలిడే’ కథ ఎవరిదో కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత హాలీవుడ్ సినిమా ‘రోమన్ హాలిడే’ తెర వెనుక ముచ్చట్లు ఇష్టంగా చదివాను. అబద్ధాలాడేవాళ్ల చెయ్యి కొరికేస్తుందని చెప్పుకునే ఆ రాతి ముఖం దగ్గర, హీరో గ్రెగరీ పెక్ చేతిని కోటులోకి లాక్కుని తెగిపోయినట్టు బయటికి తీయడం, ముందుగా చెప్పకపోవడంతో హీరోయిన్ ఆడ్రీ హెప్‌బర్న్ నిజంగానే కెవ్వుమనడం... ఆ సీను ఎన్నిసార్లు చూసినా నాకు నవ్వొస్తుంది. మరో ముచ్చట ఇంకా నచ్చింది. ఒప్పందం ప్రకారం టైటిల్ పైన పెక్ పేరొక్కటే రావాలి. షూటింగ్ మొదలయ్యాక ఆ కొత్తమ్మాయి నటన చూసి, తన పేరు పక్కనే ఆమె పేరూ వేయమని ఆయనే అడిగాడు. పెద్ద మనసు.

పేర్ల మాట వచ్చింది కాబట్టే ఈ ఉత్తరం. అదే సినిమాలో అసలు వేయని పేరు ఒకటుంది. మీ వ్యాసంలోనూ అది లేదు. ఆ కథ రాసినవాడు డాల్టన్ ట్రంబో.

1947లో అమెరికా పార్లమెంటు కమిటీ ముందు, కమ్యూనిస్టువా కాదా అన్న ప్రశ్నకు ఆయన జవాబు చెప్పలేదు. 1950లో జైలుకు వెళ్లాడు. స్టూడియోలు ఆయన్ని బహిరంగంగా పనిలోకి తీసుకోవడం మానేశాయి. ఇల్లు గడవాలి కదా, పేరు లేకుండానే రాశాడు. స్నేహితుడు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ తన పేరు అరువిచ్చాడు. 1953లో సినిమా వచ్చింది. ఆ ఏడాది ఉత్తమ నటి, కాస్ట్యూమ్స్‌తోపాటు కథకు కూడా ఆస్కార్ వచ్చింది. కథకు ఇచ్చింది హంటర్ పేరు మీదే. తర్వాత ఆ హంటర్ కూడా స్టూడియోల నిషేధ జాబితాకెక్కాడు.

ట్రంబో 1976లో పోయాడు. అకాడమీ ఆ ఆస్కార్‌ను ఆయన పేరు మీద 1993లో ఇచ్చింది. అందుకున్నది భార్య క్లియో. స్క్రీన్‌ప్లేలో ఆయన వాటాను రచయితల సంఘం ఒప్పుకునేసరికి 2011 డిసెంబర్ అయింది. అందుకోసం పట్టుపట్టింది ట్రంబో, హంటర్‌ల కొడుకులు. అప్పటికే ట్రంబో కొడుకు కూడా లేడు.

కాలేజీ రోజుల్లో వీడియో క్యాసెట్‌లో ఈ సినిమా చూసినప్పుడు టైటిల్స్‌లో హంటర్ పేరే చదివాను, అదే నిజమనుకున్నాను. ఈమధ్య మా అమ్మాయితో కలిసి పునరుద్ధరించిన కాపీ చూస్తూ, కథ అన్న చోట ట్రంబో పేరు కనబడగానే రిమోట్‌తో ఆపేశాను. “ఎవరమ్మా ఈయన?” అంది తను. సినిమా ఆపి మరీ ఈ సంగతంతా చెప్పాను. మిగతాది రాత్రి భోజనాలయ్యాక చూశాం.

తెర వెనుక కబుర్లంటే హీరో చిలిపి పనులు, హీరోయిన్ గౌన్లే కానక్కర్లేదు. మన పాత సినిమాల పాటల పుస్తకాల్లో కూడా కథ, మాటలు, పాటలు ఎవరివో వేసేవారు. మీ సినిమా పేజీ సమీక్షల్లో మాత్రం దర్శకుడు, నటీనటులు, సంగీతం ఉంటాయి, కథా రచయిత పేరు ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది. ప్రతి సమీక్షలోనూ ఆ పేరు వేయమని నా విన్నపం. ఎంత చోటు పడుతుంది?

ముందుగా, వచ్చే ఆదివారం అదే పేజీలో ఒక చిన్న సవరణ వేయండి. కథ: డాల్టన్ ట్రంబో. స్క్రీన్‌ప్లే: డాల్టన్ ట్రంబో, ఇయాన్ మెక్‌లెలన్ హంటర్, జాన్ డైటన్.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గుంటూరు