600 మంది దాటితే బంతులు వేయం: ఎందుకో, బదులుగా ఏం పెడతామో

మన క్యాటరింగ్ కస్టమర్లందరికీ నమస్కారమండి. ఈ పెళ్లిళ్ల సీజన్ నుంచి 600 మంది దాటిన రాత్రి విందులకు పూర్తి బంతి భోజనాల ఆర్డర్ తీసుకోవడం లేదని గ్రూపులో ఒక చిన్న మెసేజ్ పెట్టాను. పెట్టిన దగ్గర్నుంచి ఫోన్లే ఫోన్లు. తణుకు చుట్టుపక్కల ఇన్నేళ్లుగా బంతి భోజనాలకు పేరు తెచ్చుకుని ఇప్పుడిదేంటి, డబ్బెక్కువైందా అని ఒకరు, మా అమ్మాయి పెళ్లికి మమ్మల్ని నిలబెట్టి తినిపిస్తారా అని ఇంకొకరు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాస్తే మేలనిపించింది.

ముందు లెక్క చూడండి. మన దగ్గర చాలా ఫంక్షన్ హాళ్లలో డైనింగ్ హాల్లో ఒక విడతకి 200 మంది పడతారు. ఆకు వేసి, వడ్డించి, తిని లేచేసరికి ఎంత తొందరపడినా 35 నిమిషాలు. ఆకులు ఎత్తి, బల్లలు తుడిచి, మళ్లీ ఆకులూ నీళ్లూ పెట్టడానికి ఇంకో పది. అంటే బంతికి ముప్పావు గంట. వెయ్యి మందికి ఐదు బంతులు. మొదటి బంతి ఏడుంబావుకి వేస్తే ఐదో బంతి కూర్చునేది పదింబావుకి, లేచేది దాదాపు పదకొండుకి. ముహూర్తం రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఉంటుంది, దానికి ఎలాగూ దగ్గరివాళ్లే ఉంటారు. మిగతా చుట్టాలూ, ఆఫీసు వాళ్లూ, ఊళ్లోవాళ్లూ అందరూ ఏడున్నరకీ తొమ్మిదికీ మధ్యే దిగుతారు. అక్షింతలు వేద్దామంటే ఇంకా పెళ్లికూతురు రెడీ అవలేదంటారు, ఇక వెళ్లేది భోజనాల దగ్గరికే.

అక్కడ ఏం జరుగుతుందో మీకూ తెలుసు. మీరు పప్పులో ఉండగానే మీ కుర్చీ వెనక ఒకాయన వచ్చి నిలబడతాడు. కుర్చీ వీపు మీద చెయ్యి వేస్తాడు. మీరు పెరుగు దాకా వచ్చారా లేదా అని భుజం మీదుగా మీ ఆకులోకి చూస్తుంటాడు. ఆయన వెనక ఆయన భార్య, చంకలో నిద్రపోతున్న పిల్ల. ఇక మీకు ముద్ద దిగుతుందా? దిగదు. సగం అన్నం వదిలేసి లేస్తారు. ఆయనకీ అదే గతి, ఎందుకంటే ఆయన వెనక ఇంకొకరు. ఆ గొడవలో మావాళ్లు బూరె వడ్డించి, దానికి చిల్లు పెట్టి నెయ్యి పోసి, కొసరి కొసరి ఇంకోటి వేయాలంటే ఎలా కుదురుతుంది! వడ్డించేవాడు మనవాడైతే కడ బంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు గానీ, ఐదో బంతికి వచ్చేసరికి ఆ మనవాడి కాళ్లు లాగేస్తుంటాయి, పనసపొట్టు కూర అడుగంటి ఉంటుంది.

మరి బఫే పెట్టొచ్చుగా అంటారు. పెట్టాం, చాలా పెళ్లిళ్లకి పెట్టాం. 30, 35 ఐటమ్స్‌తో పెట్టిన బఫే బంతికంటే నయమేం కాదు. లైను ఎంత జోరుగా కదులుతుందనేది అందులో అన్నిటికంటే నిదానంగా వడ్డించే ఐటమ్ మీద ఆధారపడి ఉంటుంది. వేడి పూరీ పెట్టారా, ఆ వాయి దిగేదాకా లైనంతా ఆగుతుంది. పెసరట్టు పెనం పెట్టారా, అక్కడే నలభై మంది గుంపు కడతారు, మిగతా కౌంటర్లు ఈగలు తోలుకుంటుంటాయి.

ఇంకో సంగతి ఉంది, అసలు సంగతి అదే. మన భోజనం కూర్చుని కలుపుకుని తినే భోజనం. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, ఇవి ఆకులో వేడన్నంలో కలుపుకుంటేనే రుచి. ఎడమ చేత్తో ప్లేటు పట్టుకుని నిలబడ్డ మనిషి ఒంటి చేత్తో పప్పన్నం ఎలా కలుపుతాడండీ? చారు పోస్తే ప్లేటంతా పారి చీర మీదకి దిగుతుంది. అందుకే బఫేలో జనం నాలుగు స్పూన్లు ఫ్రైడ్ రైసు, ఒక స్వీటు తినేసి, ఐస్‌క్రీం పట్టుకుని వెళ్లిపోతారు. మేం రెండు గంటలు కష్టపడి వేసిన దప్పళం గుండిగ అలాగే ఉంటుంది. నిలబడి తినే భోజనం పెట్టాలంటే వంట కూడా దానికి తగ్గట్టు మారాలి. మన ఊళ్లలో ఎక్కువమంది బఫే పేరుతో బంతి మెనూనే తెచ్చి బల్ల మీద పెడుతున్నారు. నాకు నచ్చనిది అదే.

మేం ఇప్పుడు చేస్తున్నది ఇది. అన్నీ కలిపిన అన్నాలు. పులిహోర, సాంబారన్నం, దద్ధోజనం, వీటితో పాటు పొడిగా ఉండే కూర ఒకటి, వడియాలో అప్పడమో ఒకటి, ఒక స్వీటు. అంతే. గుళ్లల్లో ఎన్నో ఏళ్లుగా వేలమందికి పెడుతున్నది ఇదే కదా. అన్నవరంలో గోధుమనూక ప్రసాదమైనా ఆకు పొట్లంలో చేతికిస్తారు, మెట్ల మీద కూర్చుని తినేవాళ్లు తింటారు, నడుస్తూ తినేవాళ్లు తింటారు, ఎవరూ కంప్లైంట్ చేయరు.

ఇదేదో తేలిక వంట అనుకోకండి. పులిహోరకి అన్నం మధ్యాహ్నం మూడింటికల్లా వార్చి, శుభ్రమైన తెల్లగుడ్డ మీద పలచగా పరిచి, వేడి మీదే పసుపూ నూనే చల్లి, పచ్చి కరివేపాకు వేసి ఆరబెడతాం. అన్నం వేడిగా ఉండగా పులుసు కలిపితే ముద్దవుతుంది, బాగా చల్లారాక కలిపితే పులుపు పట్టదు, గోరువెచ్చగా ఉన్నప్పుడే కలపాలి. ఆ టైం మా పెద్ద వంటమాస్టరు చెయ్యి పెట్టి చూసి చెబుతాడు, థర్మామీటరు లేదు. సాయంత్రానికి అది ఇంకా బాగుంటుంది, చింతపండు పులుపు వల్ల త్వరగా పాడవదు కూడా. దద్ధోజనానికి అచ్చంగా పెరుగే కలిపితే రాత్రి తొమ్మిదికి పుల్లటి వాసన కొడుతుంది. అందుకని మెత్తగా వండిన అన్నంలో కాచిన పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలిపి పెడతాం, వడ్డించే వేళకి సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది. సాంబారన్నం మాత్రం ముందు కలిపి పెట్టేది కాదు, గట్టిపడిపోతుంది. దాన్ని విడతలు విడతలుగా అక్కడే కలుపుతాం, హాట్‌బాక్సుల్లో పొగలు కక్కుతూ వస్తుంది. వేడి పదార్థం 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలని ఆహార భద్రత వాళ్లు చెబుతారు. పదార్థాలు తక్కువైతేనే అది నిజంగా పాటించగలం, 35 ఐటమ్స్‌కి గిన్నెల కింద ఎన్ని దీపాలు పెట్టి ఎన్నిటిని వేడిగా ఉంచుతాం చెప్పండి.

కూరల్లో గుత్తి వంకాయ అడక్కండి దయచేసి. వెయ్యి మందికి వండిన గుత్తి వంకాయ బేసిన్‌లోంచి తీసేసరికి తొడిమలూ ముద్దా మిగులుతాయి. పనస కాలంలో ఆవ పెట్టిన పనసపొట్టు, మిగతా రోజుల్లో కంద బచ్చలి గానీ దొండకాయ వేపుడు గానీ. చారు కావాలన్నవాళ్లకి పేపర్ గ్లాసులో పోసి ఇస్తాం, తాగేయడమే. బూరె ఉంటుంది, కంగారు పడకండి. నెయ్యి పోయడానికి లైనులో కాకుండా లైను దాటాక విడిగా ఒక కుర్రాణ్ణి నిలబెడతాం, కావలసినవాళ్లు ఆగి పోయించుకుంటారు, వద్దన్నవాళ్లు ముందుకెళ్లిపోతారు. ఈ ఒక్క మార్పుతో లైను ఎంత తేలికపడిందో చూసి మావాళ్లే ఆశ్చర్యపోయారు.

కౌంటర్లు ఒకేచోట పెట్టం. హాలు ఆవరణలో నాలుగు మూలలా నాలుగు, ప్రతిదానికీ రెండు వైపులా వడ్డన, నాలుగింటిలోనూ అవే పదార్థాలు. ఒక పక్క నిమిషానికి ఆరుగురు దాటినా ఎనిమిది పక్కలకి కలిపి దాదాపు 50 మంది. వెయ్యి మందికి కాగితం మీద 20 నిమిషాలు. నిజంలో అలా జరగదు లెండి, రెండోసారి వచ్చేవాళ్లుంటారు, అన్నంలో మిరపకాయ ఏరమనే పిల్లలుంటారు, కౌంటర్ దగ్గరే నిలబడి కుశల ప్రశ్నలు వేసుకునే బావగార్లుంటారు. అయినా గంట, గంటంబావులో అందరూ తినేస్తున్నారు. ప్లేట్లు పోకమట్టవి. అడ్డాకు విస్తరి అంటే నాకూ ఇష్టమే గానీ నిలబడి పట్టుకుంటే వంగిపోతుంది. ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ 2022 జూలై 1 నుంచి నిషేధం, మాకు ఇవ్వమని అడిగినా ఇవ్వం.

నిలబెట్టి తినిపిస్తారా అన్నవాళ్లకి ఇప్పుడు జవాబు. లేదండి. 300 కుర్చీలు ఆవరణలో గుంపులు గుంపులుగా వేస్తాం, ఎవరికి ఎక్కడ కావాలంటే అక్కడ లాక్కుని కూర్చుంటారు. వియ్యాలవారికీ, పెద్దవాళ్లకీ, మోకాళ్ల నొప్పుల వాళ్లకీ డైనింగ్ హాల్లో అరటాకు వేసి పద్ధతిగా బంతి ఉంటుంది, 150 మంది దాకా. ఆ బంతిలో ముద్దపప్పు, ఆవకాయ, దప్పళం, గడ్డ పెరుగు అన్నీ ఉంటాయి, కొసరి కొసరి వడ్డిస్తాం. ఎవరు ఆ బంతిలో కూర్చోవాలో పేర్లు మాత్రం మీరే ముందు రాసివ్వాలి. ఆ గొడవలోకి మమ్మల్ని లాగొద్దు, మగపెళ్లివారి మేనత్తగారిని బయట కౌంటర్‌కి పంపిన పాపం మాకు చుట్టుకుంటుంది.

ఇందులో మా స్వార్థం లేదా అంటే ఉంది. వెయ్యి మందికి బంతులు వేయాలంటే వడ్డనకే 50 మంది కావాలి. మూఢం, ఆషాఢం పోగా మిగిలిన నాలుగు మంచి రోజుల్లోనే ఊరంతా పెళ్లిళ్లు, అదే రోజు అందరికీ కుర్రాళ్లు కావాలి. కాలేజీ పిల్లల్ని తెచ్చుకుంటాం, వాళ్లకి పప్పు గరిట ఎలా పట్టాలో చెప్పేలోపు మొదటి బంతి లేచిపోతుంది. కొత్త పద్ధతిలో నాకు 25 మంది చాలు, వాళ్లంతా మా పాతవాళ్లే. గ్యాస్ కూడా తగ్గుతుంది, 19 కిలోల సిలిండర్లు సగానికి సగం మిగులుతున్నాయి. ఆ మిగిలింది మొత్తం మేం ఉంచుకోవడం లేదు. పూర్తి బంతి మెనూ ప్లేటు 420 ఉండేది కదా, ఇది 270, పైన 5 శాతం జీఎస్టీ. లోపలి బంతికి మాత్రం పాత రేటే. లాభం శాతం చూసుకుంటే నాకు ఇదే కొంచెం ఎక్కువ, దాచను. రాత్రి పన్నెండింటికి గిన్నెలు కడుక్కుని ఇంటికెళ్లడం ఇంకా పెద్ద లాభం.

రిసెప్షన్‌కి నాన్‌వెజ్ అడిగేవాళ్లకి పెద్దగా చెప్పేదేం లేదు. బిర్యానీ ఎలాగూ కలిపిన అన్నమే. దానికి ఒక కూర, పెరుగు చట్నీ చాలు. ఆ పక్కన మళ్లీ తెల్లన్నం, రసం, నాలుగు రకాల ఇగుర్లు పెట్టమనడం డబ్బు పారేసుకోవడమే.

600 లోపు వాళ్లకి ఏమీ మారలేదు. బంతులు వేస్తాం, సంతోషంగా వేస్తాం. పగటి ముహూర్తమైతే 800 దాకా కూడా ఒప్పుకుంటాం, ఎందుకంటే పగలు జనం పదకొండు నుంచి మూడింటి దాకా విడివిడిగా వస్తారు, తొందరుండదు.

మనుషుల లెక్క దగ్గర మాత్రం నిజం చెప్పండి. ఎన్ని శుభలేఖలు పంచారో చెప్పండి చాలు, ఎంతమంది వస్తారో మేం అంచనా వేసుకుంటాం. చెప్పిన సంఖ్యకి పదో వంతు ఎక్కువ వండుతాం, అది మా ఖర్చు. అది దాటి వస్తే ప్లేటు లెక్కే, ఆ లెక్కకి మీ తరఫున ఒక మనిషిని ప్లేట్ల దగ్గర కూర్చోబెట్టండి. ఆయన మధ్యలో ఫోటోకి వెళ్లకూడదు. మాఘమాసం తేదీల్లో ఇంకా కొన్ని ఖాళీగా ఉన్నాయి. పావు వంతు అడ్వాన్సు, మిగతాది విందు మర్నాడు. తాపేశ్వరం కాజా గానీ ఆత్రేయపురం పూతరేకులు గానీ మీరే తెప్పించుకుంటామంటే మాకభ్యంతరం లేదు, కాకపోతే పూతరేకులు వడ్డన బల్ల మీద పెట్టనివ్వం, గాలికి ముక్కలై సాంబారన్నంలో పడుతున్నాయి. వెళ్లేటప్పుడు తాంబూలం సంచిలో వేసి ఇచ్చుకోండి.