మా తమ్ముణ్ణి నిలబెట్టినవాళ్లకు

కర్నూలులో మా మంచి కోరే అందరికీ నమస్కారం. తమ్ముడికి ఒంట్లో బాగలేదని మాత్రమే ఇన్నాళ్లూ చెప్తూ వచ్చాం. అసలు సంగతి, ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన ఆట) పోటీలు ఆడీ ఆడీ నొప్పి మాత్రలకు అలవాటు పడ్డాడు. దాచకుండా రాయమని వాడే అన్నాడు.

మొదటి దండం మా వీధి మందుల షాపు అన్నకు. చీటీ లేకుండా ట్రమడాల్ అనే ఆ నొప్పి మాత్ర ఇవ్వనని వాణ్ణి పంపేసి ఊరుకోలేదు, రాత్రి షట్టర్ దించి నేరుగా మా ఇంటికొచ్చి నాన్నకు చెప్పాడు. "బేరం పోతే పోనీ, పిల్లోడు పోతే ఎట్లా సార్?" అన్నాడు. ఆ మందు 2018లోనే మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. అయినా వాడికి వేరే చోట దొరికేది. ఆ అమ్మినవాళ్ల గురించి ఇక్కడ రాయను, ఇది థ్యాంక్స్ చెప్పుకునే పోస్టు.

పెద్దాసుపత్రి మానసిక విభాగం డాక్టరమ్మకు, సిస్టర్లకు ఎంత చెప్పినా తక్కువే. మందు తగ్గించేకొద్దీ చెమటలు, విరేచనాలు, కాళ్లు పీకుడు, కంటిమీద కునుకు లేదు. ఒకేసారి ఆపేస్తే తట్టుకోలేడని, మెల్లగా దించాలని ఆమె మాకు ఓపిగ్గా చెప్పారు. కిడ్నీ సంగతీ ఆమే పట్టుకున్నారు. పోటీకి ముందు బరువు దించడానికి నీళ్లు మానేసి, ఆ ఒంటితోనే డైక్లోఫెనాక్ అనే నొప్పి సూదులు వేయించుకునేవాడు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగా అందకుండా చేసేవి ఆ సూదులేనట. కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఇప్పుడు దిగుతోంది, అంటే మెరుగవుతోంది. మోకాలి లిగమెంటు మాత్రం నొప్పి తెలియకుండా ఆడినందుకు బాగా తెగింది, ఆపరేషన్ తప్పదు.

"పిచ్చాసుపత్రిలో చేర్చారంట కదా" అని ఫోన్ చేసిన చుట్టాలకూ ధన్యవాదాలు. ఎవరెవరో తెలిసింది.

అనంతపురం నుంచి వచ్చి వాడి పక్కన కూర్చున్న కోచ్ సార్, మీరు అడ్వాన్సు తిరిగిచ్చేసి, నిర్వాహకుల మాటలు పడి మ్యాచ్ రద్దు చేయించారు. అంతటితో వదలకుండా జిమ్ పిల్లలందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. అమెరికాలోని పెద్ద ఎంఎంఏ సంస్థ యూఎఫ్‌సీ ఫైటర్ క్రిస్ లెబెన్ 2011లో ఆక్సికోడోన్ అనే నొప్పి మందు వాడి పరీక్షలో దొరికి ఏడాది నిషేధం పడిన సంగతి, 2024 నుంచి పోటీ సమయంలో ట్రమడాల్ వాడితే డోపింగ్ కిందే లెక్క అన్న సంగతి వాళ్లకు చెప్పారు. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు తాము వాడే మాత్రలు తెచ్చి మీ చేతిలో పెట్టారని తమ్ముడు చెప్పాడు. మా వాడి ఒక్కడి కోసం చేసిన పని కాదది.

ఎవరింట్లోనైనా ఇదే బాధ ఉంటే మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ఇంకొకరు మిగిలారు. వార్డులో రాత్రిళ్లు మాకు టీ పోసిన పక్క బెడ్ పెద్దాయనది ఆదోని వైపని తప్ప ఏమీ తెలియదు. వాళ్లింటివాళ్లు ఇది చూస్తే మెసేజ్ పెట్టండి, మీ ఫ్లాస్కు మా దగ్గరే ఉండిపోయింది.