ఆ ఒక్క కిలో మేం కలపం: మా సంచులు, కవర్లు కొనేవారికి

నమస్కారం.

ఈ మధ్య ఆర్డర్ ఇచ్చేవాళ్లలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "మీ కవర్లలో ఆక్సో మాస్టర్‌బ్యాచ్ కలిపి, దానంతటదే మట్టిలో కలిసిపోతుందని ప్రింట్ వేసి ఇస్తారా?" అని. ఆక్సో మాస్టర్‌బ్యాచ్ అంటే ప్లాస్టిక్ త్వరగా విరిగిపోయేలా చేసే మందు ఉన్న గింజలు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే, కారణాలతో సహా అందరికీ ఒకేసారి చెప్పడం మేలనిపించి ఇది రాస్తున్నాను. మేం కలపం. ఆ మాట ప్రింట్ చెయ్యం. దీనివల్ల కొన్ని ఆర్డర్లు ఇప్పటికే వేరేవాళ్లకి వెళ్లాయి, ఇంకా వెళ్లొచ్చు కూడా. అయినా మారేది లేదు.

కలపడం కష్టమై కాదు. మా షెడ్డులో అంతకంటే తేలికైన పని లేదు. కొత్త మెషీన్ అక్కర్లేదు, డై మార్చనక్కర్లేదు. హాపర్‌లో 100 కిలోల పాలిథీన్ గింజలు పోసేటప్పుడు, రంగు మాస్టర్‌బ్యాచ్ వేసినట్టే, దీన్ని ఇంచుమించు 1 కిలో వేస్తే సరిపోతుంది. ఆ కిలోలోనూ ఎక్కువ భాగం మామూలు ప్లాస్టిక్కే. అసలు పనిచేసేది అందులో ఉన్న కోబాల్ట్ స్టియరేటో, మాంగనీస్ స్టియరేటో, ఇనుప స్టియరేటో. స్టియరేట్ అంటే లోహం ఒక కొవ్వు ఆమ్లంతో కలిసి ఉన్న పదార్థం. కోబాల్ట్ స్టియరేట్ బరువులో కోబాల్ట్ పదో వంతు కూడా ఉండదు. అంటే మొత్తం బ్యాచ్‌లోకి వెళ్లే లోహాన్ని గ్రాముల్లో తూచాలి. రోల్ మీదికి ఎక్కిన ఫిల్మ్‌ని చేత్తో పట్టి చూస్తే తేడా తెలియదు. అదే మెరుపు, అదే సాగుడు, సీలింగ్ కూడా అంతే.

ఇంత కొద్ది లోహం అంత మొండి ప్లాస్టిక్‌ని ఎలా విరగ్గొడుతుందో తెలిస్తే, మా నిర్ణయం ఎందుకో కూడా తెలుస్తుంది. పాలిథీన్ అంటే కార్బన్ పరమాణువుల పొడవాటి గొలుసులు. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఆ గొలుసు మీద అక్కడక్కడా హైడ్రోపెరాక్సైడ్ అనే బలహీనమైన చోట్లు తయారు చేస్తాయి. మామూలుగా ఇది చాలా నెమ్మది. గింజల్ని కరిగించి ఫిల్మ్‌గా తీసే ఎక్స్‌ట్రూడర్ వేడిలో ప్లాస్టిక్ పాడవకుండా ముందే కలిపే యాంటీ ఆక్సిడెంట్లు ఇంకా నెమ్మది చేస్తాయి. కోబాల్ట్ వచ్చి ఈ బలహీనమైన చోటుని పగలగొడుతుంది. అలా చేసినప్పుడు కోబాల్ట్ ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని రెండో స్థితి (+2) నుంచి మూడో స్థితికి (+3) మారుతుంది. ఇంకో హైడ్రోపెరాక్సైడ్‌ని పగలగొట్టి మళ్లీ రెండో స్థితికి వస్తుంది. తాను ఖర్చవకుండా ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తుంది, అందుకే గ్రాములు చాలు. ప్రతిసారీ పుట్టే రాడికల్స్, అంటే దేనితోనైనా చటుక్కున కలిసిపోయే ముక్కలు, పక్క గొలుసుల మీద పడతాయి, గొలుసులు తెగుతాయి.

ఇదేమీ ప్లాస్టిక్ సంచుల కోసం కనిపెట్టిన వింత కాదు. ఫైబర్‌గ్లాస్ పని చేసేవాళ్లు పాలిస్టర్ రెజిన్‌లో కొన్ని చుక్కలు కోబాల్ట్ వేసి, విడిగా హార్డెనర్ కలుపుతారు కదా, అక్కడ జరిగేదీ లోహం పెరాక్సైడ్‌ని విడగొట్టడమే. ఆ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలే ప్రమాదం ఉందని ఆ పనివాళ్లందరికీ తెలుసు. ఆయిల్ పెయింట్ ఆరడానికి వేసే డ్రయర్‌లోనూ కోబాల్ట్ చేసేది ఇలాంటి పనే.

కాబట్టి మాస్టర్‌బ్యాచ్ పనిచెయ్యదని నేను అనడం లేదు. మొదటి సగం పని కచ్చితంగా చేస్తుంది. మంచి పాలిథీన్ ఫిల్మ్ నుంచి వేలెడు వెడల్పు పట్టీ కోసి రెండు చేతులతో లాగండి. ముందు నడుం సన్నబడుతుంది, తర్వాత తన పొడవుకి కొన్ని రెట్లు సాగి అప్పుడు తెగుతుంది. లోహం కలిపి ఎండలో ఉంచిన పట్టీ అలా కాదు. మొదట మడతల దగ్గర చీలుతుంది. తర్వాత లాగీ లాగకముందే పుటుక్కుమంటుంది. చివరికి వేళ్ల మధ్య నలిపితే రేకులు రేకులుగా రాలుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం పరీక్షల్లో ఒకదాని ప్రకారం, నాలుగింట మూడు పట్టీలు 5 శాతం సాగేలోపే తెగిపోతే ఆ ప్లాస్టిక్ పెళుసెక్కినట్టు లెక్క.

అసలు తకరారంతా ఆ రేకుల దగ్గరే. విరగడం వేరు, లేకుండా పోవడం వేరు. సూక్ష్మజీవులు తినాలంటే గొలుసులు చాలా చిన్నవైపోవాలి, ఆ తర్వాత కూడా తేమ, వేడి, సమయం అన్నీ కుదరాలి. అమ్మేవాళ్లు చూపించే ఫలితాల్లో చాలా వరకు 60, 70 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి రాబట్టినవి. పూడ్చిపెట్టిన చెత్తగుట్ట లోపల ఆక్సిజనే అందదు, లోహం ఉన్నా చేయగలిగింది లేదు. సముద్రంలో నీరు చల్లగా ఉంటుంది, ప్లాస్టిక్ మీద నాచు పేరుకుని వెలుతురు కూడా తగ్గుతుంది.

దీన్ని ఓవెన్‌లో కాకుండా బయట పెట్టి చూసినవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ మామూలు సంచులనీ, ఆక్సో సంచులనీ, కంపోస్టబుల్ (ఎరువుగా కుళ్లిపోయేలా చేసిన) సంచులనీ గాలిలో, మట్టిలో, సముద్రంలో ఉంచి 2019లో ఫలితాలు ప్రచురించారు. 3 ఏళ్లు మట్టిలో, సముద్రంలో ఉన్న ఆక్సో సంచి ఇంకా సామాన్లు మోయగలిగింది. బయట గాలికి వదిలినవి 9 నెలల్లో ముక్కలయ్యాయి. కానీ అక్కడ మామూలు పాలిథీన్ సంచి కూడా ముక్కలైంది. కంపోస్టబుల్ సంచి సముద్రంలో 3 నెలలకి కనిపించలేదు గానీ, మట్టిలో 27 నెలల తర్వాతా ఉంది, కాకపోతే బరువు వేస్తే చిరిగిపోయింది. నాకు బాగా పట్టుకున్నది ఆ మొదటి ఫలితమే. మూడేళ్లు మట్టిలో ఉండి కూడా బరువు మోసే సంచి మీద "మట్టిలో కలిసిపోతుంది" అని మా పేరుతో ఎలా ప్రింట్ వెయ్యను? యూరోపియన్ యూనియన్ అయితే 2019/904 డైరెక్టివ్‌తో ఆక్సో డిగ్రేడబుల్ ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించింది. 2021 జూలై 3 నుంచి అది అమల్లో ఉంది.

ఇంకో కారణం మా షెడ్డు వెనక గుమ్మంలో ఉంది. మా ఫిల్మ్ అంచుల కటింగ్ స్క్రాప్, మీరు తిరిగి ఇచ్చే శుభ్రమైన కవర్లు రీప్రాసెసింగ్‌కి వెళ్తాయి. అక్కడ అవి పైపులుగా, షీట్లుగా మారతాయి, ఏళ్ల తరబడి ఉండాల్సిన సరుకులుగా. ఆ కుప్పలో లోహం కలిసిన కవర్లు పడితే ఏది ఏదో ఎవరూ వేరు చెయ్యలేరు, కంటికి తేడా ఉండదని ముందే చెప్పాను. రాగి తీగ చుట్టూ పాలిథీన్ తొడుగు వేసే కేబుల్ కంపెనీలు, ఆ రాగి ప్లాస్టిక్‌ని పాడు చెయ్యకుండా మెటల్ డీయాక్టివేటర్ అనే మందు కొని మరీ కలుపుతాయి. ఒకరు లోహం నుంచి ప్లాస్టిక్‌ని కాపాడుకోవడానికి డబ్బు పెడుతుంటే, ఆ ప్లాస్టిక్ వెళ్లే దారిలోకే నేను లోహాన్ని వదలలేను.

మా కవర్లలో లోహాలే లేవని మాత్రం అనుకోవద్దు. తెల్ల కవర్లలో టైటానియం డయాక్సైడ్ ఉంటుంది, పైపూత ఉన్న రూటైల్ రకమే వాడతాం. అనటేజ్ రకమైతే ఎండలో ప్లాస్టిక్‌ని తినేస్తుంది. జారుడు కోసం కాల్షియం, జింక్ స్టియరేట్లు ఉంటాయి. పేరు స్టియరేటే అయినా ఇవి కోబాల్ట్‌లాగా రెండు స్థితుల మధ్య తిరగవు కాబట్టి ఆ పని చెయ్యవు. హెచ్‌డీ పాలిథీన్ తయారీలో వాడే జీగ్లర్-నట్టా ఉత్ప్రేరకం నుంచి టైటానియం ఆనవాళ్లు కూడా మిగులుతాయి. 

ఆక్సో పద్ధతికి తగిన చోటు అసలు లేదని కూడా నేననను. జెరాల్డ్ స్కాట్, డాన్ గిలీడ్ ఇనుము ఆధారంగా రూపొందించిన పద్ధతి పొలంలో పరిచే మల్చింగ్ షీట్ల కోసం వచ్చింది. అందులో ఇనుప సమ్మేళనం ముందు కొంతకాలం ప్లాస్టిక్‌ని కాపాడి, ఆ తర్వాత ఎండకి విరగడం మొదలుపెట్టిస్తుంది. చాలా తెలివైన రసాయనం. కానీ చేతులు మారుతూ, ఎక్కడ తేలుతుందో తెలియని సంచి సంగతి వేరు. గోడౌన్‌లో రేకుల కప్పు కింద వేడిలో నిలవ ఉంటే, మీరు వాడకముందే దాని గడువు కరిగిపోతుంటుంది.

ఇకనుంచి మా దగ్గర దొరికేది ఇదీ: మందం ఎక్కువున్న, పదేపదే వాడుకోగల సంచులు. ఒకే రకం పాలిథీన్‌తో చేసినవి, రీసైక్లింగ్‌లో ఇబ్బంది పెట్టనివి. వాడిన మా కవర్లు శుభ్రంగా, పొడిగా ఉంటే కొత్త ఆర్డర్ తెచ్చే బండిలోనే వెనక్కి తీసుకుంటాం. తడి చెత్తకి సంచులు కావాలనుకునేవాళ్లకి పాలిథీన్ తగదు, కంపోస్టబుల్ సంచులే కావాలి. అవి మేం తయారు చెయ్యం. కొనేటప్పుడు యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 లేదా ఏఎస్‌టీఎం డీ6400 సర్టిఫికెట్ చూడండి. ఈఎన్ 13432 ప్రకారం 6 నెలల్లో 90 శాతం జీర్ణం కావాలి, అదీ కంపోస్టింగ్ ప్లాంట్ వేడిలో. మీ చెత్త అలాంటి ప్లాంట్‌కి వెళ్తేనే ఆ ఖర్చుకి అర్థం. ఎవరైనా ఏఎస్‌టీఎం డీ6954 కాగితం చూపిస్తే, అది పరీక్షలు ఎలా చెయ్యాలో చెప్పే గైడ్ మాత్రమే. ఏ వేడిలో, ఎన్నాళ్లు పరీక్షించారో, ఎంత శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారిందో అడగండి.

మీ ప్రింట్ డిజైన్‌లో "డిగ్రేడబుల్", "పర్యావరణానికి హాని లేదు" లాంటి మాటలుంటే తర్వాతి ఆర్డర్‌లోపు కొత్త డిజైన్ పంపండి. ప్లేట్లు మార్చే ఖర్చు మేమే పెట్టుకుంటాం. ఇప్పటికే అడ్వాన్స్ కట్టి, ఆక్సో సరుకే కావాలనుకునేవాళ్లు చెబితే మొత్తం తిరిగి ఇచ్చేస్తాం.