కమిషనర్ గారూ, ‘ఓనర్ పేరు’ దగ్గర ఏం రాయమంటారు?

మా మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారాలతో,

చనిపోయిన వీధికుక్కలను బొందపెట్టుకోవడానికి ఇరవై గుంటల (అర ఎకరం) జాగా ఇప్పించమని మేం పెట్టుకున్న అర్జీలు మీ దగ్గరే ఉన్నాయి. కాబట్టి వెనకటి సంగతులు మళ్లీ ఏకరువు పెట్టం. ప్రజావాణిలో నాలుగు ఇచ్చాం, మీ ఆఫీసు ఇన్‌వార్డులో రెండు ఇచ్చాం. ఆరింటికీ స్టాంపు పడిన రసీదులున్నాయి. జవాబు మాత్రం ఒక్కటే వచ్చింది: కుక్క ఓనర్ పేరు, ఇంటి నంబరు, పన్ను రసీదు జతచేసి మళ్లీ దరఖాస్తు చేసుకోవాలట.

రోడ్డు మీద దొరికిన కుక్కకు ఓనరే ఉంటే అది రోడ్డు మీద ఎందుకు దొరుకుతుంది సార్? లారీ తగిలి వెనక కాళ్లు పడిపోయింది ఒకటి. మెడ మీది గాయంలో పురుగులు పట్టి కాలువ పక్కన పడున్నది ఇంకొకటి. గడ్డ లేచి, అది కరగడానికి వారానికో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చొప్పున ఐదారు వారాలు ఓర్చుకుని బతికింది మరొకటి. దానికి గిన్నె పెట్టేది ఒక ఇంటివాళ్లు, మందు వేసేది మెడికల్ షాపు పిల్లవాడు, చలికాలం గోనె సంచి పరిచేది ఏటీఎం దగ్గరి వాచ్‌మన్. ఇందులో ఓనర్ ఎవరు? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, దానికి గుర్తుగా చెవి కొస కత్తిరించి, మళ్లీ అదే గల్లీలో వదిలింది మాత్రం మీ ఆఫీసే. ఆ లెక్కన ఓనర్ కాలమ్‌లో రాయాల్సింది ఎవరి పేరో మీరే ఆలోచించండి.

కుక్క ప్రాణం పోయాక చేతిలో ఉండే సమయం ఎంతో మీ ఫైలులో ఎక్కడా ఉండదు. మన దగ్గరి మే నెల ఎండలో రెండు మూడు గంటల్లోనే కాళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది. ఆలోపే ముందు కాళ్లు, వెనక కాళ్లు పొట్ట వైపు మడిచి, తోక చుట్టి, పడుకున్నట్టు సర్దాలి. ఆలస్యమైతే కాళ్లు చాచినవి చాచినట్టే ఉండిపోతాయి. మూడడుగుల పొడవు బొంద సరిపోయేచోట నాలుగున్నర అడుగుల పొడవు తవ్వాల్సి వస్తుంది. కళ్లు మూసినా మూసుకోవు, కుక్క కళ్లు అంతే. ముఖం మీద తడిగుడ్డ కప్పడం తప్ప చేసేదేమీ లేదు. ఒళ్లు వదులైనప్పుడు మూత్రం, మలం బయటికి వస్తాయి కాబట్టి కింద పాత నూలు చీర నాలుగు మడతలు, దాని కింద న్యూస్‌పేపర్లు పరవాలి. నలభై నాలుగు డిగ్రీల్లో పొద్దున పోయిన కుక్కకు పొద్దుగూకేసరికి పొట్ట ఉబ్బుతుంది. ఐస్ ముక్కలు కవర్లో కట్టి పొట్టకు రెండు వైపులా, మెడ కింద పెడితే ఇంకో పూట ఆగుతుంది. కరిగిన నీళ్లు మాత్రం ఒంటికి తగలనివ్వకూడదు, తడి తగిలితే ఇంకా తొందరగా పాడవుతుంది. మొత్తం మీద పన్నెండు గంటలు. ఆ పన్నెండు గంటల్లో జాగా దొరకాలి. ఆదివారం పోయిందనుకోండి, మీ ఆఫీసుకు తాళం.

ఎక్కడ పెట్టమంటారు? మీ ట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే, వచ్చిన రోజు వస్తుంది. తడి చెత్త మీదే వేసి, డంపింగ్ యార్డులో దింపుతుంది. ఆ సఫాయి అన్నలను ఒక్క మాట అనం. చేతికి గ్లౌజులు లేకుండా వట్టి చేతులతో ఎత్తేది వాళ్లే. కానీ యార్డులో పడేశాక ఏమవుతుందో అడగండి. వెన్ను విరిగి ఇక కోలుకోదన్న కుక్కకు పశువుల డాక్టరు శాశ్వత నిద్ర ఇంజెక్షన్ ఇచ్చి సాగనంపుతారు. ఆ బార్బిట్యురేట్ మందు ప్రాణంతో పాటు పోయేది కాదు, శవంలోనే ఉంటుంది. యార్డులో తిరిగే కుక్కలు, పందులు, కాకులు దాన్ని తింటే అవీ మత్తులో పడిపోతాయి, ఎక్కువ తింటే లేవవు. అంటే ఒక కుక్క బాధ తీర్చడానికి వాడిన మందు, బొంద లేనందువల్ల ఇంకో నాలుగింటి ప్రాణం మీదికి వస్తుంది. పార్వో (కూనలకు రక్త విరేచనాలు పట్టుకునే అంటురోగం) వచ్చి పోయిన కూన అయితే ఇంకో రకం గొడవ. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. కూన పడుకున్నచోట ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి కడగాలి. అదీ ముందు మలం, మట్టి తీసేసి గచ్చు శుభ్రం చేశాకే. మురికి మీద పోసిన బ్లీచ్ మురికికే ఖర్చయిపోతుంది. కూనను మీ ట్రాక్టర్ ఊరంతా తిప్పుకుంటూ తీసుకుపోతే ఇక ఎవరు ఎక్కడని కడుగుతారు?

చెరువు శిఖంలో, అంటే నీళ్లు ఎండిన చెరువు నేలలో పెట్టండి అని ఒకాయన సలహా ఇచ్చారు. ఎండాకాలం శిఖం నేల మెత్తగా ఉంటుంది, పార దిగుతుంది, నిజమే. వానలకు చెరువు నిండితే మాత్రం మట్టి వదులై, లోపల ఉబ్బి ఉన్నది పైకి తేలుతుంది. తేలకుండా ఉంటే మరుసటి ఏడు పూడిక తీసే జేసీబీ బకెట్‌లో, మొహర్రం పీర్లకు కట్టినట్టు ఎర్ర గుడ్డ చుట్టుకుని బయటపడుతుంది. కాలువ గట్టు మీద తవ్వితే నీటిపారుదల వాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. గట్టుకు బొక్క పెట్టినట్టే అది. ఊరవతల ప్లాట్లలో పెడితే ఆరు నెలలకు పునాదులు తీస్తారు. రేగడి నేలలో పెడితే ఎండలకు నేల నెర్రెలు బారి, ఆ సందుల్లోంచి వాసన కొట్టి, మిగతా కుక్కలే వచ్చి తవ్వుతాయి. మన ఊరి మొరం నేలలో రెండడుగులు దిగాక గడ్డపార ఖంగుమంటుంది. అక్కడితో ఆపేసి పైపైన కప్పితే మూడో రోజుకు కాలు బయటికి కనబడుతుంది. పెంచినవాళ్లు ఆ కాలు చూశారంటే, సార్, అంతకుముందు చేసిన వైద్యమంతా వాళ్లు మరిచిపోతారు. ఆ కాలొక్కటే గుర్తుంటుంది.

అందుకే మేం అడిగేది వట్టి జాగా కాదు, పద్ధతిగా తవ్విన జాగా. పదిహేను, ఇరవై కిలోల మన నాటు కుక్కకు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు కావాలి. ఒంటి మీద కనీసం మూడడుగుల మట్టి పడాలి. బావికి, బోరుకు దూరంగా ఉండాలి, అడుగున నీటి చెమ్మ తగలకూడదు. చుట్టడానికి నూలు గుడ్డో, జనపనార గోనె సంచో వాడాలి. యూరియా సంచులు వద్దు, అవి కుళ్లవు, లోపలి దాన్ని కుళ్లనివ్వవు. సున్నం వేస్తే తొందరగా మట్టిలో కలుస్తుందని మీ ఇన్‌స్పెక్టర్ గారు మాకు క్లాసు తీసుకున్నారు. సున్నం వాసనను ఆపుతుంది, తవ్వే జంతువులను కొంత ఆపుతుంది. కుళ్లడాన్ని మాత్రం తొందర చేయదు, నెమ్మది చేస్తుంది. ఉప్పూ అంతే, పైగా దాని మీద చెట్టు బతకదు. బొంద నింపాక అడుగెత్తు మట్టి కుప్పగా వదలాలి. లోపల ఒళ్లు కరిగేకొద్దీ మొదటి వానలకే అది నేలమట్టానికి దిగుతుంది. ముందే చదును చేస్తే అక్కడ గుంత పడి నీళ్లు నిలుస్తాయి. మొక్క నడిమధ్యన పెట్టొద్దు, మూడడుగులు పక్కకు జరిపి కానుగో వేపో పెట్టాలి. గన్నేరు అసలే వద్దు. చూడ్డానికి బాగుంటుందని మీ మున్సిపల్ నర్సరీ వాళ్లు అదే ఇస్తామన్నారు కానీ, ఆకు నమిలిన కుక్క బతకడం కష్టం. కుక్కల బొందల మీద కుక్కలను చంపే మొక్క నాటడం మాకు నచ్చలేదు.

లెక్క కూడా వేసే ఇచ్చాం. గుంటకు 121 గజాలు. బొందకూ బొందకూ మధ్య రెండడుగులు, నడవడానికి దారి వదిలితే గుంటకు నలభై వస్తాయి. ఇరవై గుంటల్లో ఐదు షెడ్డుకు, బండి తిరగడానికి పోయినా ఆరు వందలు. ఆ కాగితం మీ టౌన్ ప్లానింగ్ టేబుల్ మీద ఉంది. దాని మీద టీ గ్లాసు మచ్చ పడిందని కూడా తెలుసు.

బొందపెట్టడం కష్టమైతే కాల్చే యంత్రం పెట్టండి అన్నాం. కుక్కల సంతాన నియంత్రణకు 2001లో వచ్చిన నిబంధనల్లోనే కళేబరాలకు ఇన్సినరేటర్ పెట్టాల్సింది స్థానిక సంస్థే అని ఉంది. 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి, యంత్రం మాత్రం రాలేదు. హైదరాబాద్ ఫతుల్లగూడలో జంతువుల దహనవాటిక ఉంది, అక్కడికి పోండి అంటారు మీవాళ్లు. బస్సెక్కనివ్వరు. కారు డ్రైవర్లు డిక్కీలో ఏముందో చెప్పగానే కిరాయి వద్దంటారు. పోయి రావడానికి ఒక రోజు. ఇరవై కిలోల కుక్క కాలితే మిగిలేది చిన్న చెంబు నిండేంత బూడిద. ఆ చెంబెడు కోసం రోజు కూలి వదులుకుని పోగలిగినవాళ్లు వీధికుక్కలను సాకేవాళ్లలో ఎంతమంది ఉంటారు? ఊరూరికీ వైకుంఠధామం పేరుతో శ్మశానం కట్టుకున్న రాష్ట్రం మనది. దాని ప్రహరీ గోడ అవతలి గడ్డి జాగా అయినా మాకు చాలు.

‘చచ్చిన కుక్కకు గుర్తు కూడానా’ అని మీ సెక్షన్‌లో నవ్వారు. నవ్వొచ్చు. గుర్తు ఎట్లా ఉంచుకుంటారో కూడా చెప్తాం, ఇంకాసేపు నవ్వుకోండి. కాళ్లు బిగుసుకోకముందే ముందు పాదం కడిగి, ఆరబెట్టి, వేళ్ల సందుల్లోని వెంట్రుకలు కత్తెరతో తీస్తారు. బంకమట్టిని అంగుళం మందాన పరిచి పాదం దాని మీద పెడతారు. ప్రాణం లేని పాదానికి బరువుండదు, అచ్చు పడదు. అందుకని పైనుంచి వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటిగా బొటనవేలితో నొక్కాలి. చుట్టూ అట్ట కట్టి, కప్పు నీళ్లలో రెండు కప్పుల ప్లాస్టర్ పొడి కలిపి పోస్తారు. నీళ్లలో పొడి పోయాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. అరగంటలో గట్టిపడుతుంది, పూర్తిగా ఆరడానికి ఎండాకాలం రెండు మూడు రోజులు, వానాకాలం వారం దాటుతుంది. ఆరకుండా రంగు వేస్తే పొరలు లేచి ఊడుతుంది. ఇక మెడకున్న రేడియం బెల్టు తీసి దాచుకుంటారు. రాత్రిపూట లారీవాళ్లకు కనబడాలని కట్టిన బెల్టది. లారీ కిందే పోయిన కుక్క బెల్టును ఎందుకు దాచుకుంటారో మాకు అర్థం కాదు, అయినా దాచుకుంటారు.

బొంద మీద పెట్టే రాయి ఖర్చు కూడా మీది కాదు. కరీంనగర్ గ్రానైట్ కోసే యూనిట్లలో అంచు ముక్కలు కుప్పలుగా పడుంటాయి. అడుగు వెడల్పు ముక్క చాలు. పేరు పెయింటుతో రాస్తే రెండు ఎండాకాలాలకు పోతుంది, మూడు మిల్లీమీటర్ల లోతు చెక్కిస్తే నిలుస్తుంది. తాండూరు బండ వద్దు, ఎండావానలకు పొరలు లేస్తుంది. దాంతోపాటు ఒక రిజిస్టర్ పెడతామన్నాం: పేరు, దొరికిన గల్లీ, చెవి కోత ఉందా లేదా, టీకా తేదీ, పోయిన కారణం. ఒకే కాలనీ నుంచి రెండు వారాల్లో మూడు కూనలు పార్వోతో వస్తే, నాలుగోది రాకముందే టీకాలు ఎక్కడ వేయాలో ఆ రిజిస్టరే చెప్తుంది. పిచ్చి (రేబిస్) పట్టిందన్న అనుమానం ఉన్న కుక్కను మాత్రం మేం ముట్టం. దాన్ని పశువైద్యులే చూడాలి, తల నమూనా ల్యాబ్‌కు పోవాలి. ఇదంతా మీ పనే సార్. ఊరికే చేసిపెడతామంటే వద్దంటున్నారు.

కుక్కకు రాయి వేయడం మేం కనిపెట్టింది కాదు. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో పదో శతాబ్దంలో వేసిన రాయి ఒకటుంది. అడవి పందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్కకు వేశారు. దాని పేరు శాసనంలో ఉంది, రాయికి పూజ జరగాలని భూమి కూడా రాసిచ్చారు. ఇప్పుడది బెంగళూరు మ్యూజియంలో ఉంది. కాకపోతే కాళి రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడి దగ్గర్నుంచి వచ్చిన కుక్క. ఓనర్ కాలమ్ నిండే ఉంటుంది.

మిరుగు (మృగశిర కార్తె) దగ్గరికొచ్చింది. వానలు పట్టాయంటే తవ్విన బొందలో నీళ్లు నిలుస్తాయి. మిరుగు లోపల జేసీబీతో ఒక పూట తవ్విస్తే ఆరునెలలకు సరిపడా బొందలు తయారుగా ఉంటాయి, పైన రేకులు కప్పుకుంటాం. జాగా చూపించండి. ఇరవై కాకుంటే పది గుంటలు, పది కాకుంటే ఐదు. జాగా చూపించండి, అంతే.

ఏడో అర్జీ దీంతోపాటు జతచేశాం. ఈసారి ఓనర్ పేరు కాలమ్ ఖాళీగా వదల్లేదు. కుంటి లక్ష్మి, బుడ్డోడు, బస్టాండ్ రాజు, నల్లపిల్ల, సగం చెవి, ఏటీఎం సార్, రెండో బుడ్డోడు అని ఉన్న పేర్లన్నీ రాశాం. కాలమ్ చాలక వెనక పేజీకి పోయాం. ఇంటి నంబరు దగ్గర మాత్రం ఏమీ రాయలేదు. సర్వే నంబరు వేసి ఇస్తే చాలు, జవాన్‌తో కబురు పెట్టినా వచ్చి తీసుకుంటాం.

ఇట్లు,
పట్టణంలో వీధికుక్కల తిండి, మందు చూసుకునేవాళ్లం